ముప్పైకి ఒకటి తక్కువ

"ఏ తేదీ ఇచ్చారు?"

తలుపు పూర్తిగా తియ్యకముందే వదిన అడిగేసింది. ఆమె చూపు బన్ను మొహం మీద లేదు. బన్ను చంకలో ఉన్న ఆస్పత్రి కవరు మీద ఉంది.

"ముందు లోపలికి రానీ వదినా."

"రావద్దన్నానా? తేదీ ఎప్పుడో చెప్పు. పెద్ద డాక్టరు ఈ నెలలోనే అన్నారుగా. సంచీ సర్దుకోవాలి, మీ అన్నకి గడ్డం గీయించాలి, కుట్టుపనికి వచ్చిన బట్టలు ఎవరివి వాళ్ళకి ఇచ్చెయ్యాలి..."

బన్ను చెప్పులు విప్పడానికి వంగింది. రెండు నిమిషాల పని కాదది. అయినా రెండు నిమిషాలూ తీసుకుంది.

"ఇవ్వలేదు," అంది వంగే ఉండి.

"ఏవిటి ఇవ్వంది?"

"తేదీ. ఇక ఇవ్వరు కూడా. నా కాలేయం పనికిరాదట."

గోడవారన కుట్టుమిషను మీద సగం కుట్టిన చొక్కా ఉంది. వదిన వెళ్ళి దాని ముందు కూర్చుని, పెడలు మీద కాలు పెట్టి, తొక్కకుండా అలాగే ఉండిపోయింది.

బన్ను ఎవరో ఈ వీధిలో తెలియనివాళ్ళు లేరు. పుట్టినప్పుడు బన్నుల్లా ఉబ్బిన బుగ్గలు చూసి అన్న పెట్టిన పేరది. పెద్దయ్యాక బేకరీలోనే పనికి కుదిరి, ఇరవై ఏళ్ళుగా పిండి పిసుకుతూ, కాల్చి దింపిన ప్రతి పళ్ళెంలోంచీ ఒక ముక్క రుచి చూస్తూ ఆ పేరు నిలబెట్టుకుంది. అన్నకి లివరు చెడిందని తెలిసిన రోజున, మార్చడం తప్ప దారి లేదని డాక్టర్లు తేల్చిన రోజున, అందరికంటే ముందు 'నాది తీసుకోండి' అన్నది ఆమే.

వదిన రక్తం కలవలేదు, బన్నుది కలిసింది. కానీ ఆమె కాలేయం నిండా కొవ్వు ఉందన్నారు. తొమ్మిది కిలోలు తగ్గి రమ్మన్నారు.

పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వెన్న వాసనలో నిలబడే మనిషి తొమ్మిది కిలోలు తగ్గడమంటే మాటలా? బన్ను తగ్గింది. ఏడు వారాలు. దోసకాయ ముక్కలు, ఉడకబెట్టిన గుడ్డులో తెల్లసొన, రోజూ గంటన్నర నడక. రుచి చూడాల్సిన కేకుని నోట్లో వేసుకుని, నాలుక మీద అటూ ఇటూ తిప్పి, కళ్ళు మూసుకుని తొట్లో ఉమ్మేసేది. బస్సు నడిపే మొగుడు "నీ పక్కన కూర్చుని అన్నం తినాలంటే దొంగతనం చేస్తున్నట్టుందే" అని పళ్ళెం పట్టుకుని వాకిట్లోకి పోయేవాడు.

ఇవాళ పొద్దున్న సర్జను ఆమెని చూసి మొదట నవ్వాడు. "కొవ్వు పోయింది. శభాష్," అన్నాడు. ఆ తర్వాత నవ్వు ఆపి, ఒక తెల్లకాగితం ముందుకు లాక్కున్నాడు.

కాగితం మీద ఒక వైపు లావుగా, ఇంకో వైపుకి సన్నబడే ఆకారం ఒకటి గీశాడు.

"చూడమ్మా. పైకి కాలేయం ఒకే ముద్దలా ఉంటుంది. లోపల మాత్రం ఎనిమిది గదులు. ఏ గదికి రక్తం తెచ్చే గొట్టం ఆ గదికుంది, ఏ గది పైత్యరసం ఆ గది కాలవలోనే పోతుంది. అందుకే మధ్యలో కోసి ఒక వాటా ఇంకొకరికి పెట్టగలం. గుండెని అలా పంచలేం."

"తెలుసండీ. మీరే చెప్పారు. కుడివైపు వాటా తీసి అన్నకి పెడతారు."

"మీ కాలేయం మొత్తం పదకొండు వందల ఎనభై గ్రాములు. కుడివైపు ఎనిమిది వందల నలభై. ఎడమవైపు మూడు వందల నలభై. కుడివైపు తీస్తే మీకు మిగిలేది ఇరవై తొమ్మిది శాతం. కనీసం ముప్పై మిగలాలి. ముప్పై అన్నా మాకు గుండె దడే. అంతకంటే కిందికి దిగితే కత్తి పట్టను."

బన్నుకి అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక నవ్వొచ్చింది. మంచి నవ్వు కాదు.

"ఒక్క శాతం కోసమా? డాక్టరుగారూ, రోజుకి మూడు వందల రొట్టెలు తూస్తాను నేను. ఒక శాతం అటో ఇటో అయితే రొట్టె రొట్టె కాకుండా పోదండీ."

"రొట్టె మాడితే ఇంకోటి వేస్తారు."

"మళ్ళీ పెరుగుతుందన్నారుగా! కోసినా పెరిగేది ఒంట్లో అదొక్కటే అన్నారుగా!"

"పెరుగుతుంది. మూడు నెలలయ్యేసరికి దాదాపు మునుపటంత అవుతుంది. కానీ మొదటి వారం ఆ చిన్న ముక్కే మీ ఒళ్ళంతా మొయ్యాలి. రక్తం గడ్డకట్టే సరుకు తయారు చెయ్యాలి. తిన్నదాంట్లో విషం విరగ్గొట్టాలి. చక్కెర దాచిపెట్టి, ఒళ్ళు అడిగినప్పుడు తీసివ్వాలి. పెరిగేదాకా మీరు బతికుండాలి కదమ్మా."

"తగ్గమంటే తగ్గాను. తగ్గినందుకే చిన్నదైందా?"

"కొవ్వు పోయి మొత్తం కాస్త చిక్కింది. కుడి ఎడమల వాటా మాత్రం పుట్టుకతో వచ్చిందే. కొందరికి ఎడమవైపు పెద్దది, కొందరికి చిన్నది. మీ తప్పు కాదు."

"పోనీ ఎడమవైపు ముక్కే అన్నకి పెట్టండి."

"ఆయన బరువు డెబ్బై నాలుగు. ఆరు వందల గ్రాములన్నా లేకపోతే ఆయనకి చాలదు. మూడు వందల నలభైతో ఇద్దరికీ అన్యాయం చేసినవాణ్ణవుతాను."

ఎటు తిరిగినా గోడే. బన్ను చివరికి తమ్ముడి ఊసెత్తింది. "మా తమ్ముడున్నాడు. నాకంటే బక్కపలచన. వాడి గ్రూపు కూడా కలిసిందన్నాడు. మిగతా పరీక్షలకి రమ్మంటే రాకుండా తిరుగుతున్నాడు. మీరొకసారి ఫోను చేసి గట్టిగా..."

సర్జను పెన్ను మూత తీశాడు. పెట్టాడు. మళ్ళీ తీశాడు.

"ఒకరి సంగతి ఇంకొకరికి చెప్పడం మాకు కుదరదమ్మా. ఆయనతో మీరే మాట్లాడండి. తొందరగా మాట్లాడండి."

ఇదంతా బన్ను చెప్పడం పూర్తయ్యేసరికి వదిన కుట్టుమిషను చక్రం పట్టుకుని అటు అరచుట్టు, ఇటు అరచుట్టు తిప్పుతోంది.

"ఒక్క శాతం," అంది.

"ఒక్క శాతం."

"ఇంకో డాక్టరు దగ్గరికి పోతే?"

"ఇంకో డాక్టరు నాకు ఇంకో కాలేయం పెట్టడుగా వదినా."

"నవ్వులాటగా ఉందా నీకు?" వదిన గొంతు లేచింది. "ఏడు వారాల నుంచి నీ మాట మీద కూర్చున్నాం. 'నేనిస్తానుగా, నేనున్నానుగా' అని నువ్వంటుంటే ధైర్యంగా పడుకున్నాం. ఈ కొలతలేవో మొదటే తియ్యకూడదా?"

"మొదట కొవ్వు తగ్గితేగానీ తియ్యలేమన్నారు. నేను తీసుకున్న కొలతలా అవి?"

"ఏమో! నీ ఒంట్లో ఏముందో నాకేం తెలుసు?"

అనేశాక వదినే తల దించుకుంది. బన్నుకి ఆకలిగా ఉంది. ఇక ఆకలి దాచుకోవక్కర్లేదు, ఏదైనా తినొచ్చు. ఆ సంగతి గుర్తొచ్చేసరికి ఆకలి చచ్చిపోయింది.

లోపలి గదిలోంచి అన్న గొంతు వినిపించింది. "మీ ఇద్దరి కొట్లాట అయితే నన్ను కూడా పిలవండి. నా లోపలి సామాను గురించేగా."

అన్న బోర్డులు రాసే పెయింటరు. ఈ ఊళ్ళో సగం దుకాణాల పేర్లు అతని చేతి రాతే. మంచం మీద రెండు దిండ్లకి ఆనుకుని కూర్చున్నాడు. కళ్ళలో తెలుపు ఉండాల్సిన చోట పసుపు. పొట్ట బిందెలా ఉబ్బింది, చేతులు మాత్రం పుల్లలైపోయాయి. పొద్దున్న పళ్ళు తోముకుంటే చిగుళ్ళలోంచి వచ్చిన రక్తం అరగంట ఆగలేదని వదిన ఫోనులో చెప్పింది.

ఒళ్ళో రూళ్ళ పుస్తకం ఉంది. రోజూ పొద్దున్నే వదిన అతని చేత ఒకే వాక్యం రాయిస్తుంది. డాక్టరు చెప్పిన పని అది. కాలేయం విరగ్గొట్టాల్సిన విషాలు విరగకపోతే మెదడుకి పోతాయట. అది మాటలో కంటే ముందు రాతలో తెలుస్తుందట.

'మలుపు ఉంది, నెమ్మదిగా వెళ్ళండి.' చేయి తిరిగిన రోజుల్లో ఆ వాక్యాన్ని వంద బోర్డుల మీద రాసుంటాడు. ఈ పుస్తకంలో మొదటి పేజీలో అక్షరాలు అచ్చు గుద్దినట్టున్నాయి. పదో పేజీకి గీత దాటాయి. ఇవాళ్టి పేజీలో 'నెమ్మదిగా నెమ్మదిగా నెమ్మదిగా' అని మూడుసార్లుంది. నాలుగోది సగంలో ఆగి, కిందికి జారిపోయింది.

"చూడకు," అని పుస్తకం మూసేశాడు అన్న. "విన్నాను. మంచిదైంది."

"ఏం మంచిదైంది?"

"నా కోసం చెల్లెలి పొట్ట కోయించానన్న మాట తప్పింది."

"ఏడు వారాలు నీళ్ళు తాగి బతికాను నేను! మంచిదైందా?" బన్ను అరిచింది. మంచం పట్టిన మనిషి మీద అరవకూడదని ఆమెకీ తెలుసు. "నీ మంచితనం నువ్వే ఉంచుకో అన్నా. నాకు కోపంగా ఉంది. నీ మీద, ఆ డాక్టరు మీద, నా మీద. అన్నిటికంటే వాడి మీద."

"వాణ్ణి ఏమీ అనకు."

"ఎందుకనకూడదు?" గుమ్మంలోకి వచ్చి నిలబడింది వదిన. "అమ్మ పోతే వాణ్ణి ఎత్తుకుని అన్నం పెట్టింది నేను. స్కూల్లో దించింది నేను. రెండుసార్లు ఆస్పత్రి తేదీ ఇస్తే రెండుసార్లూ ఎగ్గొట్టాడు. ఫోను చేస్తే తియ్యడు. వీధిలో ఒక్కొక్కళ్ళు 'తాగి తాగి తెచ్చుకున్నాడు' అంటుంటే, వైరసమ్మా, ఎప్పుడు పట్టిందో మాకే తెలియదమ్మా, చుక్క ముట్టని మనిషమ్మా అని నేను ఒక్కదాన్నే మొత్తుకుంటున్నాను. సొంత తమ్ముడు వచ్చి ఒక్కరోజు పక్కన నిలబడ్డాడా?"

అన్న కిటికీ వైపు తిరిగాడు. "మీ ఆవిడకి నెలలు నిండుతున్నాయిరా, నువ్వు రాకు అని నేనే చెప్పాను వాడికి."

"ఎప్పుడు?"

అన్న నోరు తెరిచాడు. ఎప్పుడో చెప్పలేకపోయాడు. చెప్పాడో, చెప్పాలనుకున్నాడో అతనికే తెలియడం లేదు. ఆ తడబాటు చూసి ఆడవాళ్ళిద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకుని వెంటనే చూపు తిప్పేసుకున్నారు.

బన్ను చెప్పులేసుకుంది. "కాలరు పట్టుకుని లాక్కొస్తాను," అంది.

"ఒప్పుకోగానే ఫోను చెయ్యి," అంది వదిన వెనకనుంచి. ఒప్పుకుంటే అనలేదు.

తమ్ముడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. వాళ్ళ ఆఫీసులో అడిగితే ఆరంతస్తుల కట్టడం ఒకటి చెప్పారు. కింద 'లిఫ్టు పనిచేయదు' అని అట్టముక్క వేలాడుతోంది. బన్ను మెట్లెక్కింది. ఏడు వారాల నడక పుణ్యమా అని మూడో అంతస్తు దాకా ఆయాసం లేదు. ఆ మాట కూడా ఆమెకి మంటగానే ఉంది.

మూడో అంతస్తులో లిఫ్టు తలుపులు బార్లా తెరిచున్నాయి. మనుషులెక్కే గది దాదాపు కింది అంతస్తుకి దిగి ఉంది. దాని పైకప్పు మీద, ఆమె మోకాళ్ళ ఎత్తున, తమ్ముడు నిలబడి ఇనప తాళ్ళకి గ్రీజు పూస్తున్నాడు. నుదుటికి దీపం కట్టుకున్నాడు.

"దొరికావు," అంది బన్ను. "ఇవాళ పారిపోవాలంటే పైకన్నా పోవాలి, కిందికన్నా పోవాలి."

తమ్ముడు దీపం ఆర్పాడు. "అక్కా, గడప దాటి రాకు. జారతావు."

"నేను జారితే నీకేం? అన్న జారిపోతుంటే చూస్తూ కూర్చున్నావుగా. నాది పనికిరాదన్నారు. ముప్పై కావాలి, ఇరవై తొమ్మిది ఉందట. ఇక మిగిలింది నువ్వొక్కడివే. పని ఆపు. ఆస్పత్రికి పోదాం."

గ్రీజు గుడ్డ అతని చేతిలోంచి జారి, సందులోంచి కిందికి పడింది. ఎక్కడో అడుగున మెత్తగా చప్పుడైంది.

"పనికిరాదన్నారా? నీదా?"

"చెవుడా? అదే చెప్తున్నా."

"నువ్విస్తావనుకున్నానే..." తమ్ముడు ఇనప దూలం మీద చతికిలబడ్డాడు. "నువ్విచ్చేస్తావు, అన్న లేచి తిరుగుతాడు, ఇక నన్నెవరూ అడగరు అనుకున్నానక్కా."

"సిగ్గులేదూ ఆ మాట అనడానికి?"

"ఉంది. ఏడు వారాల నుంచి అదొక్కటే ఉంది నా దగ్గర."

జేబులోంచి ప్లాస్టిక్కు సంచీ తీశాడు. అందులో నాలుగు మడతలు పెట్టిన కాగితం. మడతల దగ్గర చిరుగుపట్టి ఉంది. ఎన్నిసార్లు విప్పి మడిచాడో.

బన్ను చదివింది. ఆస్పత్రి చుట్టూ తిరిగి తిరిగి ఆమెకి ఆ భాష కొంత వచ్చేసింది. రక్తం గ్రూపు కలిసింది. దాని కింద ఇంకో వరస. అన్న కాగితాల మీద చూసిన వైరసు పేరే. దాని పక్కన 'ఉంది' అని.

"నాకూ అదే," అన్నాడు తమ్ముడు. "నా లివరు ఇంకా బాగానే ఉందట. మందు వాడుతూ, ఆర్నెల్లకోసారి చూపించుకుంటే ఇలాగే ఉండొచ్చన్నారు. కానీ ఎవరికీ ఇవ్వడానికి పనికిరాదు."

కింద ఎవరో తలుపు తట్టి లిఫ్టు ఎప్పటికవుతుందని అరిచారు. బన్ను కాగితం మళ్ళీ మడిచింది.

"ఎలా వచ్చింది?"

"అమ్మ పొట్ట గుర్తుందా నీకు? చివర్లో?"

బన్నుకి గుర్తుంది. పన్నెండేళ్ళ పిల్ల అప్పుడు. అమ్మ కళ్ళు పసుపు. అమ్మ పొట్ట ఉబ్బితే ఇంకో బిడ్డ పుడుతుందేమో అనుకుని సంతోషపడింది. ఆ సంతోషం ఎవరికీ ఎప్పుడూ చెప్పలేదు.

"కామెర్లన్నారు అప్పుడు," అంది మెల్లిగా.

"ఇదే అయ్యుంటుందన్నాడు డాక్టరు. పురుట్లోనే తల్లి నుంచి బిడ్డకి వస్తుందట. అన్నకి వచ్చింది, నాకు వచ్చింది. మధ్యలో నిన్నొక్కదాన్నే వదిలేసింది. ఎందుకని అడిగాను. అదృష్టం అన్నాడు. ఆ మాట విన్నరోజున నీ మీద ఎంత కోపం వచ్చిందో తెలుసా అక్కా?"

బన్ను గోడకి ఆనుకుంది. జాలి రావాలి. వచ్చింది కూడా. కానీ జాలి కంటే ముందు ఇంకోటి తోసుకొచ్చింది.

"ఆ రోజే చెప్పుంటే సరిపోయేది కదరా!"

"ఎలా చెప్పను? అన్న తాగకపోయినా తాగాడన్నారు. నన్నేమంటారు? ఎక్కడెక్కడో తిరిగి తెచ్చుకున్నాడంటారు. అది విని నా భార్య..."

"జనం సంగతి తర్వాత. విను. ఇంట్లో ఇవ్వడానికి ఇద్దరున్నారుగా అని ఇంకెవరినీ అడగలేదు మేము. చనిపోయినవాళ్ళ కాలేయం వస్తే ఇచ్చే జాబితా ఉంటుందట. అందులో అన్న పేరు రాయించలేదు. ఎందుకు, బన్ను కాకపోతే చిన్నోడు ఉన్నాడుగా అనుకున్నాం. నీ నోరు మూతబడింది, ఏడు వారాలు పోయాయి. ఆ ఏడు వారాల్లో అన్న తన చేతి రాత మర్చిపోయాడు."

తమ్ముడు ఏడవలేదు. మోకాళ్ళ మీద గ్రీజు చేతులు పెట్టుకుని వాటివంకే చూశాడు. తల్లి పోయిననాడు కూడా అలాగే కూర్చున్నాడు, నాలుగేళ్ళవాడు.

"నీ భార్యకి తెలుసా?" అని అడిగింది బన్ను.

అతను తల అడ్డంగా ఊపాడు.

"ఆమెకి ఎనిమిదో నెల!"

"తెలుసక్కా. తెలిసిన రోజు నుంచి వేరే గదిలో పడుకుంటున్నాను. నా బ్రష్షు, నా రేజరు విడిగా పెట్టుకున్నాను. నా కంచం కూడా వేరే."

"కంచానికి అంటుకోదురా వెర్రివాడా! డాక్టరు చెప్పలేదూ? రక్తంతో వస్తుంది, కాపురంతో వస్తుంది, కంచంతో కాదు. ఆమెకి పరీక్ష చేయించాలి. బిడ్డ పుట్టగానే టీకా వెయ్యాలి, పుట్టిన రోజే. అమ్మకి చెప్పేవాళ్ళు లేరు. నీకు చెప్పారు. చెప్పాక కూడా నోరు కుట్టేసుకుంటే నువ్వూ ఆ కాలంవాడివేనా?"

"నువ్వు చెప్తావా అక్కా?"

"నేను పక్కన నిలబడతాను. చెప్పేది నువ్వే."

తమ్ముడు మీట తిప్పి, లిఫ్టుని అంగుళం అంగుళంగా దింపి, గడప ఎత్తుకి వచ్చాక బయటికి అడుగు పెట్టాడు.

అతని ఇల్లు రెండు వీధుల అవతల. మరదలు తలుపు తీసింది. నడుం మీద ఒక చెయ్యి. గదిలో మంచం మీద తెరిచిన పెట్టె, అందులో మడతపెట్టిన బట్టలు. పురిటికి సర్దుకుంటోందనుకుంది బన్ను. తర్వాత చూసింది, అవన్నీ మామూలు రోజుల్లో కట్టుకునేవి. పసిబిడ్డ బట్ట ఒక్కటీ లేదు.

"ఎక్కడికి?" అన్నాడు తమ్ముడు.

"ఎక్కడికైతే నీకెందుకు? పక్క గదిలో ఉండేవాళ్ళకి చెప్పి పోవాలా?" ఆడపడుచు ఉందన్న మొహమాటం కూడా ఆమె గొంతులో లేదు. "మంచిదే, మీరూ వచ్చారు. మీ తమ్ముణ్ణి అడగండి. ఏడు వారాల నుంచి నా చెయ్యి తగిలితే ఉలిక్కిపడుతున్నాడు. నేను తిన్న చోట తినడు. ఎవరామె అని అడిగాను. ఎవరూ లేరంటాడు. ఎవరూ లేకపోతే ఇలా ఎందుకుంటారు?"

తమ్ముడు బన్ను వైపు చూశాడు. బన్ను గోడకున్న క్యాలెండరు చూసింది.

అతనే చెప్పాడు. తప్పుల తడకగా, ముందుది వెనక, వెనకది ముందు. అమ్మ గురించి చెప్పాడు. కాగితం చూపించాడు.

మరదలు కాగితం రెండుసార్లు చదివింది. మంచం అంచున కూర్చుంది. పెట్టె మూత దానంతటదే పడింది.

"ఇంకో మనిషి కాదన్నమాట," అంది.

"కాదు."

"ఇంకో మనిషి ఉన్నా బాగుండేది. తిట్టి పోయేదాన్ని." తల పైకెత్తింది. "మూడో నెలలో నా రక్తం చూశారు. అన్నీ బాగానే ఉన్నాయన్నారు. ఆ తర్వాత నువ్వు పక్క గదికి పోయేదాకా నీ పక్కనే ఉన్నాను కదా. ఇప్పుడు నాకుందా? లోపల బిడ్డకి?"

"చూపిస్తేనే తెలుస్తుంది," అంది బన్ను. "లేకపోతే నీకూ టీకా వేస్తారు. ఉన్నా, బిడ్డని కాపాడే దారి ఉందన్నారు. అది మాత్రం నిజం."

మరదలు లేచింది. చెప్పుల కోసం కాలితో తడుముకుంది. పొట్ట అడ్డమై కనిపించడం లేదు. తమ్ముడు వంగి చెప్పు అందివ్వబోయాడు.

"ముట్టుకోకు," అంది. అతను ఆగిపోయాడు. "వైరసు గురించి కాదు. ఏడు వారాలు నన్ను పిచ్చిదాన్ని చేశావు, అందుకు. పద, రక్తం ఇచ్చొద్దాం. వచ్చేదాకా నాతో మాట్లాడకు. పెట్టె అలాగే ఉంటుంది. దాని సంగతి తర్వాత చూస్తాను."

ముగ్గురూ గుమ్మం దాటుతుండగా బన్ను చేతిలో ఫోను మోగింది. తెర మీద 'వదిన'.

బన్ను ఎత్తలేదు. ఎత్తి ఏం చెప్పాలి? కాలరు పట్టుకుని తెస్తానంది. ఒప్పుకోగానే ఫోను చెయ్యమంది వదిన. మోగి మోగి ఆగింది. వెంటనే మళ్ళీ మోగింది.

"ఇటివ్వక్కా," అన్నాడు తమ్ముడు. "నేనే చెప్తాను. దాచింది నేను కదా."

ఫోను చెవికి పెట్టుకున్నాడు. "వదినా, నేను..." అన్నాడు.

అవతల వదిన గొంతు పగిలింది. పక్కన నిలబడ్డ బన్నుకి కూడా స్పష్టంగా వినిపించేంత గట్టిగా.

"వచ్చావా నాన్నా! నాకు తెలుసురా. నువ్వు రాకుండా ఉండవని నాకు తెలుసు. ఇందాక ఎన్నెన్ని మాటలో అనేశాను, అవేవీ మనసులో పెట్టుకోకు. ఉండు, ఉండు, మీ అన్నకిస్తాను. మీ అక్క వెళ్ళినప్పటి నుంచీ సరిగ్గా మాట్లాడలేదు. ఏవండీ, ఇదిగో... చిన్నోడు. ఒప్పుకున్నాడు."

ఫోను చేతులు మారిన చప్పుడు. బరువైన ఊపిరి.

"ఎవరూ?" అన్నాడు అన్న.

తమ్ముడు నోరు తెరిచాడు.